బండి వచ్చెనను వార్త

శ్రీకాళహస్తి రైల్వే స్టేషనునందు, తెల్లవారియు తెల్లవారని యొక వేళ, తిరుపతి పోవు బండికై కాచుకొని యుంటిని. ప్రక్క బల్లమీద కలంకారీ గుడ్డల మూటను ఒడిలో పెట్టుకొని కూర్చున్న పెద్దాయన యొకరు తన ఫోనును కన్నులకు దగ్గఱగా తెచ్చుకొని, దూరముగా జరిపి, మరల దగ్గఱకు తెచ్చుకొని, తుదకు నావైపు తిరిగిరి.

"ఏం సామీ, మీ ఫోన్లో బండి యాడుండాది?"

"వెంకటగిరి ఇంకా దాటలేదంటోంది పెద్దాయనా."

"నా దాంట్లో కాళాస్త్రి వదిలేసి పోయిండాదంట. మనం ఈడే కదా ఉండేది!"

ఆ రెండు ఫోనులలోను వేఱువేఱు కంపెనీల యాపులు. బండి మాత్ర మొక్కటియే. గూడూరునుండి రేణిగుంటకు పోవు బండి ఏకకాలమున వెంకటగిరికి ఆవలను, శ్రీకాళహస్తికి ఈవలను ఉండజాలదు గనుక, ఈ రెండింటిలో ఒకటి గాని, రెండును గాని తప్పు చెప్పుచున్నవనుట నిశ్చయము. ఆ తప్పును కంపెనీలమీద త్రోసివేయుట సులభమే. కాని వారికి పట్టాల ప్రక్కన మనుష్యులు లేరు, కన్నులు లేవు. వారికున్నదెల్ల ఎవరో ఎక్కడనో చూచి పంపిన వార్త. ఆ వార్త యెట్లు పుట్టును, ఎన్ని చేతులు మారి పెద్దాయన యరచేతిలోనికి వచ్చును, దారిలో దానికేమి యగును అను ఆలోచన బండి వచ్చువఱకు నన్ను విడువలేదు.

కంప్యూటరు పనివారు దీనిని ఈవెంటు అందురు. తెలుగున సంఘటన యన్నచో చాలును. సంఘటన యనగా జరిగిపోయిన యొక చిన్న పని. అందులో ఏది, ఎక్కడ, ఎప్పుడు అను మూడు మాటలు తప్పక యుండును. "ఫలానా సంఖ్యగల బండి, శ్రీకాళహస్తిలో, 5 గంటల 48 నిమిషములకు ఆగినది" అనునది సంఘటన. "బండి 20 నిమిషములు ఆలస్యము" అనునది సంఘటన కాదు; సంఘటనను కాలపట్టికతో పోల్చి ఎవరో తీసిన లెక్క. "మఱి పది నిమిషములలో ఏర్పేడు చేరును" అనునది యంతకంటెను దూరపు మాట, అనగా జోస్యము. మొదటిదానికి ముడి వార్త యని పేరు పెట్టుకొందము. ఈ మూటికి గల భేదము పైకి స్వల్పముగా దోచునుగాని, ఒక సంస్థ తన వార్తలను బయటి సంస్థల కందింప దలచినప్పుడు, వీనిలో దేనిని పంపవలెనన్న ప్రశ్నమీదనే తక్కిన కథయంతయు నిలిచియున్నది.

ముడి వార్తలను వ్రాసిపెట్టుటలో రైల్వేవారు కంప్యూటర్లకు పెద్దన్నలు. స్టేషను మాస్టరు బల్లమీద తెఱచియుండు ట్రైను రిజిస్టరును దగ్గఱనుండి చూచినవారి కీమాట అతిశయోక్తిగా దోపదు. వెనుకటి స్టేషను బండి పంపుటకు అనుమతిగా లైన్ క్లియర్ అడిగిన సమయము, తా నిచ్చిన సమయము, బండి వచ్చిన సమయము, పోయిన సమయము, వరుసగా ఒకదానిక్రింద నొకటి, సిరాతో వ్రాసియుండును. తప్పు పడినచో చెఱిపి దిద్దుట కూడదు. దానిమీద ఒక గీత గీసి, తప్పు కనబడునట్లే యుంచి, ప్రక్కన సరియైనది వ్రాసి సంతకము చేయవలెను. జరిగినదానిని తుడిచివేయక, క్రింద క్రిందనే చేర్చుకొనుచు పోవు పద్ధతికి నేటి సమాచారశాస్త్రజ్ఞులు లాగ్ అని పేరు పెట్టి, అదేదియో నిన్న మొన్న తాము కనుగొన్నట్లు మాటలాడుదురు గాని, మన స్టేషను మాస్టరులు తరతరములుగా చేయుచు వచ్చినది అదియే. ఆ సమయములను మాస్టరు ఫోనులో చెప్పగా, డివిజను కంట్రోలరు ఒక పెద్ద కాగితముమీద అడ్డముగా కాలమును, నిలువుగా స్టేషనులను గుర్తించుకొని, ఒక్కొక్క బండి కొక్కొక్క ఏటవాలు గీతను పెన్సిలుతో గీయుచుండెడివాడు. గీత నిటారుగా లేచినచో బండి దౌడు తీయుచున్నదనియు, అడ్డముగా సాగినచో ఎక్కడనో నిలిచిపోయినదనియు చూచినంతనే తెలియును. ఇప్పుడా గీతలను కంట్రోలు ఆఫీసు అప్లికేషను అను ప్రోగ్రాము కంప్యూటరు తెరమీద గీయుచున్నది.

ఈ పద్ధతి సాగవలెనన్న అన్ని స్టేషనులలోను గడియార మొక్కటే కావలెను. భారత ప్రామాణిక కాలము 1906 జనవరి 1న అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వము మన రైళ్లు నడచిన మద్రాసు కాలము దానికంటె సుమారు తొమ్మిది నిమిషములు వెనుక నుండెడిది. ఊరి గడియారమునకును స్టేషను గడియారమునకును పొత్తు కుదరక బండి తప్పినవారి తిట్లు ఆ కాలమున ఎన్ని యుండెనో! ఆ చిక్కు నేటి సర్వర్లకును తప్పినది కాదు. రెండు యంత్రముల గడియారములలో రెండు సెకనుల భేదమున్నను, బండి రాకముందే పోయినట్లు వార్తలు పుట్టగలవు.

ఇటీవల మాస్టరు నోటిమాటకు తోడుగా మఱియొక సాక్షి వచ్చినది. భారతీయ రైల్వే ఇస్రో సహకారముతో ఇంజనులకు ఒక పరికరమును అమర్చుచున్నది. అది ఉపగ్రహముల సాయముతో తానున్న చోటు తెలిసికొని, స్టేషనులో ఆగుట, కదలుట, ఆగక దాటిపోవుట మొదలగు సంఘటనలను తానే నమోదుచేసి కంట్రోలు పటమునకు పంపును. రెండు స్టేషనుల నడుమ నున్నప్పుడు సైతము 30 సెకనుల కొకసారి తన జాడ చెప్పగలదు. 2022 నాటికి 21 లోకో షెడ్లకు చెందిన 2,700 ఇంజనులకు దీనిని అమర్చినట్లు రైల్వే మంత్రిత్వశాఖ ప్రకటించినది. ఆ పరికరమునకు ఆధారమైన గగన్ వ్యవస్థను మోయు ఉపగ్రహములలో జీశాట్-8 యును, జీశాట్-10 యును 2011, 2012 సంవత్సరములలో ఆకాశమున కెగసినది, మన జిల్లాలోనే యున్న శ్రీహరికోటనుండి కాదు, సముద్రముల కావలనున్న ఫ్రెంచి గయానాలోని కౌరూనుండి. శ్రీకాళహస్తి బండి జాడ చెప్పు కన్ను అంతదూరమున మొలచినదన్నమాట!

ఇచ్చట పెద్దాయన మూట విప్పి, లోపలి గుడ్డలకు తేమ తగిలినదేమో చూచుకొనుచుండగా, నా ఆలోచనకొక ఆలంబనము దొరకినది. శ్రీకాళహస్తి కలంకారీలో ముడి గుడ్డను మొదట కరక్కాయ రసమునందును పాలయందును తడిపి యెండబెట్టుదురు. పిదప, ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో పులియబెట్టి తీసిన నల్లని ద్రవములో వెదురు కలమును ముంచి గీత గీయుదురు. కరక్కాయలోని ఒగరును ఇనుమును కలిసినచోట నలుపు పుట్టి దారములోనికి ఇంకిపోవును, ఉతికినను పోదు.

"చెరపడానికి వీలుకాదా?" అని యడిగితిని.

"గీత పడినాక గుడ్డ మన మాట వినదు సామీ. రాముణ్ణి గీసినాక కృష్ణుణ్ణి చేస్తామంటే అయ్యేది కాదు. తెల్లగుడ్డైతే ఎవురిది వాళ్లు గీసుకుంటారు."

ముడి వార్తకును, లెక్క తీసిన వార్తకును గల భేద మింతకంటె తేటగా నే జెప్పలేను. "5 గంటల 48 నిమిషములకు ఆగినది" అన్న తెల్లగుడ్డ చేతికి వచ్చినచో, ఫలహారపు బండివాడు తన యిడ్లీ ఎప్పుడు దింపవలెనో లెక్కించుకొనును. ఆటోవాడు తన బేరమును లెక్కించుకొనును. పరిశోధకుడు పదేండ్ల వార్తలను ప్రోగుచేసి, బండ్లు ఏ మాసమున ఏ వంతెనవద్ద మందగించునో కనిపెట్టును. "20 నిమిషములు ఆలస్యము" అన్న గీసిన గుడ్డ వచ్చినచో, ఏ కాలపట్టికతో పోల్చిరో, ఐదు నిమిషములను మన్నించి లెక్కించిరో లేదో తెలియదు. అందుండి మొదటి సమయమును తిరిగి పిండుకొనుట యసాధ్యము.

ఈ క్షేత్రమున నుండి ఇట్టి మాటలాడుచు ఆ పామును, ఏనుగును తలపకుండుట యెట్లు? స్థలపురాణము తెలిసినవారికి ఆ కథ క్రొత్త కాదు. పాము మణులతో లింగమును అలంకరించి పోవును. ఏనుగు వచ్చి, వానిని రాళ్లనుకొని త్రోసివేసి, నీటితో అభిషేకించి ఆకులను పూవులను అర్పించి పోవును. పాము తిరిగివచ్చి, ఇదెవరో చెత్త వేసిరని తొలగించును. ఇద్దఱును భక్తులే, ఇద్దఱి గురియు నొక్కటే. కాని ఒక్కొక్కరికి కనబడినది లింగము ఇప్పుడున్న స్థితి మాత్రమే. ఆ స్థితికి కారణమైన సంఘటన, అనగా ఎవరు, ఎప్పుడు, ఏమి సమర్పించిరను వార్త, రెండవవారికి అందలేదు. అపచారమన్న అనుమానము ముదిరి, తుదకు రెండు ప్రాణములును పోయినవి. భక్తులకు మోక్షము లభించినది గనుక కథ సుఖాంతమైనది గాని, అదే తీరున ఒకే లెక్కను దిద్దుకొనుచు, ఒకరి దిద్దుబాటును మఱొకరు తుడిచివేయు రెండు సంస్థలకు మోక్షమిచ్చు దైవము లేడు.

ఇక పంపుట యెట్లన్నది. పూర్వపు పద్ధతి అడిగి తెలిసికొనుట: పదినిమిషముల కొకసారి 139కి ఫోను చేసి "బండి వచ్చినదా?" యని యడుగుట వంటిది. అడుగువారు లక్షలైనచో జవాబు చెప్పువాని నోరెండిపోవును. అడిగిన రెండు ప్రశ్నల నడుమ జరిగినది తెలియనే తెలియదు. రెండవ పద్ధతి ధారగా పంపుట: సంఘటన జరిగినంతనే, అడుగకయే, చేరవలసిన వారందఱికిని చేరునట్లు వదలుట. ఇందులకై లింక్డిన్ సంస్థలో జే క్రెప్స్, నేహా నార్ఖేడే, జున్ రావ్ అను ఇంజనీర్లు నిర్మించి 2011లో లోకమునకు విడిచిన కాఫ్కా అను ప్రోగ్రామునకు మంచి వ్యాప్తి కలిగినది. వ్రాయుటలో నేర్పుగల ప్రోగ్రాముకు ఒక రచయిత పేరు తగునని, తనకు నచ్చిన ఫ్రాంజ్ కాఫ్కా పేరును దానికి క్రెప్స్ పెట్టినాడట. కాఫ్కా కథలలోని కథానాయకునికి ఏ కార్యాలయమునుండియు కావలసిన వార్త ఎన్నడును చేరదన్న సంగతిని ఆయన పట్టించుకొన్నట్లు లేదు!

దాని మర్మము రిజిస్టరు మర్మమే. వార్తలు వరుసగా చేరుచుండును. ప్రతి వార్తకును ఒక వరుస సంఖ్య యుండును. చదువువారు తామెంతవఱకు చదివిరో తమ గుర్తు తాము పెట్టుకొందురు. ఒక సంస్థ సర్వరు రాత్రి పడిపోయి ఉదయమున లేచినచో, తన గుర్తు పెట్టుకొన్న చోటినుండి మరల చదువుకొనును. అంతలో ముందుకు పోయినవారి కేమియు అంతరాయము లేదు. ఎవరును వేఱుగా ఏర్పాటు చేయనిచో ఆ వార్తలు 168 గంటలు, అనగా ఏడు దినములు, నిలువయుండును. ఇంటిలో లేని వేళ వచ్చిన ఉత్తరము గుమ్మములో పడియుండుటకును, తలుపు తట్టి పలుకు లేదని తిరిగిపోవు కబురునకును ఎంత భేదమో, దీనికిని వట్టి ఫోనుకబురునకును అంత భేదము.

ఇంతవఱకు సాఫీగా నున్నది. చిక్కులు ఇప్పుడు మొదలగును. పంపినవాడు వార్త పంపి, "అందినది" అన్న జవాబుకై చూచును. జవాబు దారిలో తప్పిపోయినచో, వార్తయే పోయినదేమో యని మరల పంపును. ఇప్పుడు అందుకొన్నవాని దగ్గఱ ఒకే బండి రెండుమార్లు వచ్చినట్లు వ్రాసి యుండును. అందువలన ప్రతి సంఘటనకును వేఱెవ్వరికిని లేని గుర్తింపు కావలెను. బండి సంఖ్య చాలదా యందురేమో. చాలదు, అదే సంఖ్యతో ప్రతిదినమును ఒక బండి నడచును. సంఖ్యయు తేదీయు కలిపిన చాలదా? ఏ తేదీ? సాయంకాలము లింగంపల్లిలో బయలుదేరిన నారాయణాద్రి ఈ ప్రాంతమునకు వచ్చుసరికి మఱునాటి తేదీ యగును. కావున సంఖ్యతోపాటు బండి తొలుత బయలుదేరిన నాటి తేదీని ముడివేయవలెను.

ఇది తలపునకు రాగానే, పెద్దాయన నడిగి ఆ ఫోను చేతికి తీసికొని, కండ్లద్దములు సరిచేసికొని చూచితిని. తెర యడుగున, చీమ తలకాయలంత యక్షరములలో, ఒక తేదీ యుండెను. అది మొన్న సాయంకాలము బయలుదేరి, నిన్న ఉదయమున మా యెదుటి పట్టాలమీదుగా పోయిన బండి తేదీ. యాపు అబద్ధ మాడలేదు. నిన్నటి నిజమును నేటి నిజముగా చూపినది.

మఱియొక చిక్కు వరుస. "ఏర్పేడు వదలినది" అన్న వార్త వేగముగా వచ్చి, "రాచగున్నేరి దాటినది" అన్న వార్త వెనుకబడి చేరవచ్చును. చేరిన వరుసనే జరిగిన వరుస యనుకొన్నచో, బండి వెనుకకు నడచినట్లుండును. అందుచేత జాగ్రత్త గల సంస్థలు ప్రతి వార్తలోను జరిగిన సమయమును వేఱుగా, చేరిన సమయమును వేఱుగా వ్రాసికొందురు. 2012లో తమ బండ్ల కదలికల ముడి వార్తలను బయటివారందఱికి ధారగా విడిచిన బ్రిటను దేశపు నెట్‌వర్క్ రైలు పద్ధతి చూడదగినది. ఆ వార్తలో బండి రాకయో పోకయో, నిర్ణీత సమయము, జరిగిన సమయము మాత్రమే గాక, ఆ సంఘటనను యంత్రము నమోదు చేసినదా, మనిషి వ్రాసినాడా అనునదియు, ఇది ముందు పంపిన వార్తకు దిద్దుబాటా అనునదియు ఉండును. తప్పుమీద గీత గీసి సంతకము పెట్టు మన మాస్టరు పద్ధతి అక్కడ మరల దర్శనమిచ్చినది. మన దేశమున 2018లో ఢిల్లీ ప్రభుత్వము ఐఐఐటీ ఢిల్లీతో కలిసి నగరపు బస్సుల జాడను ఈ విధముగనే బయటివారి కందించుటకు పూనుకొన్నది. బెంగుళూరు సిగ్మాయిడ్ ల్యాబ్స్ వారిది వేఱొక త్రోవ. వారి 'వేర్ ఈజ్ మై ట్రైన్' యాపు ప్రయాణికుని ఫోను ఏ సెల్ టవరు నీడలో నున్నదో చూచి బండి జాడ పట్టును. 2018 డిసెంబరులో ఆ సంస్థను గూగుల్ కొన్నది. కన్ను ఇంజనుమీద కాక ప్రయాణికుని జేబులో నున్నదన్నమాట.

మా యేరు స్వర్ణముఖి నెఱుగనివారికి ధార యన్నచో ఎల్లప్పుడు సమముగా పాఱునదియే. మేము దానిలో ఏడాదిలో పెక్కు మాసములు ఇసుకనే చూతుము. 2021 నవంబరు వంటి మాసము వచ్చినచో గట్లు తెగునేమో యని జాగరము చేయుదుము. వార్తల ధారయు నిట్టిదే. ఆ నవంబరు వరదలలో రాజంపేట, నందలూరు ప్రాంతమున పట్టాలు కొట్టుకొనిపోయి బండ్లు రద్దయినవి, దారి మళ్లినవి. అట్టి దినమున ప్రతి బండికిని రద్దు, మళ్లింపు, దిద్దుబాటు అని వార్తలు మిక్కుటమగును. సరిగా ఆనాడే అడుగువారును మిక్కుటమగుదురు. అందుకొను సంస్థ అంత వేగముగా మ్రింగలేనిచో, నిలువ చేయు చెఱువు నడుమ నుండవలెను. లేదా, "మెల్లగా" అని పంపువానికి చెప్పు సైగ యుండవలెను. రెండును లేనిచోట వార్తలు నేలపాలగును. ఎండకాలమున కట్టిన కాలువను చూచి దాని శక్తిని నిర్ణయించు ఇంజనీరునకు ఈ యేటి గట్టున ఒక వానాకాలము గడపుమని నా సలహా.

ఇంతవఱకు బండ్ల మాట. బండికి రహస్యములు లేవు. అది ఎక్కడ ఆగినదో ఊరెల్ల చూచినను దానికి సిగ్గు లేదు. మనుష్యుల సంఘటనలు అట్టివి కావు. ఈ ఊరికి రాహుకేతు పూజకై వచ్చువారిని గమనింపుడు. ఎక్కువమంది పెండ్లి కుదరకయో, సంతానము కలుగకయో, ఇంటి చిక్కు తీరకయో వచ్చువారే. ఒక యువతి పేరు తీసివేసి, ఆమె టికెట్టు కొన్న సంఘటన నొక్కదానిని, అనగా ఊరినుండి శ్రీకాళహస్తికి, ఆదివారము, రాహుకాలమునకు ముందు చేరు బండికి అన్న మాత్రమును బయటి సంస్థకు పంపితిమనుకొందము. అట్టివి ఏడాదిలో నాలుగు చేరినచో, ఆ యింటి దిగులేమో ఊహించుటకు జ్యోతిష్కుడు అక్కఱలేదు. ముడి వార్త గనుకనే దానిలో ఇంత శక్తి. ఎవరికి కావలసిన బొమ్మను వారు గీసికొనవచ్చునన్న గుణమే ఇక్కడ దోషమైనది.

ఈ భయము ఊహామాత్రము కాదు. 2022 ఆగస్టులో రైలు టికెట్లు అమ్ము ఐఆర్‌సీటీసీ తన వద్దనున్న ప్రయాణికుల సమాచారమునుండి ఆదాయము సంపాదించు మార్గములను సూచించుటకు సలహాదారును కోరుచు టెండరు ప్రకటించెను. వేయికోట్ల రూపాయల మాట అప్పుడు వినవచ్చెను. అభ్యంతరములు లేచినవి. పార్లమెంటు స్థాయీసంఘము పిలిచి యడుగగా, ఆ నెల ముగియకముందే టెండరు ఉపసంహరించుకొంటిమని ఆ సంస్థవారు తెలిపిరి. మఱుసటి యేడు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టము వచ్చినది. నా మట్టుకు నేను బండ్ల వార్తలను దాచువారినిని, మనుష్యుల వార్తలను అమ్మువారినిని ఒకే పొరపాటు చేసినవారిగా చూతును. ఇద్దఱును గుడ్డ ఎవరిదో చూచుకొనలేదు.

ఈలోగా దూరమున ఇంజను దీపము కనబడెను. పెద్దాయన మూట ముడి బిగించి లేచిరి. బండి ఆగిన క్షణమున నేను గోడ గడియారము వంక చూచితిని: 5 గంటల 48 నిమిషములు. నా ఫోను అప్పటికిని వెంకటగిరిలోనే యున్నది. ఇద్దఱమును ఎక్కి, కిటికీ ప్రక్కన చోటు దొరకించుకొని, పెద్దాయన సంచిలోని వేరుసెనగ కాయలు ఒలుచుకొనుచు కూర్చుంటిమి. రాచగున్నేరి దాటిన పిదప నా జేబులో ఫోను చిన్నగా మ్రోగెను. తీసి ఆయనకు చూపితిని.

"బండి కాళాస్త్రికి వచ్చిండాదంటనా? ఇప్పుడు చెప్తా ఉండాదా!" అని ఆయన పకపక నవ్విరి.

దాని క్రిందనే సమయము కూడ వ్రాసి యుండెను: 5 గంటల 48 నిమిషములు.